కుడికాలి కడియం

నాకు చింతపండు పడదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు ఈ సంగతి మా అమ్మే చెప్పింది. తిరుపతిలో పుట్టి, మూడు తరాలుగా గుడి కొలువు మీద బతికిన వైష్ణవుల ఇంట్లో పులిహోర ముట్టని మగవాడంటే బంధువులు వింతగా చూసేవాళ్లు. ఒకాయన నాకు ఆయుర్వేదం మందు కూడా ఇచ్చాడు. నాకు కడుపులో ఏ రోగమూ లేదు. అసలు సంగతి సత్యవేడు పక్కన ఒక ఊళ్లో ఉన్న చింతచెట్టుది. అది నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి అమ్మ, ఆమె పోయి చాలా ఏళ్లయింది.

డెబ్బైల చివర నేను ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి. కప్పను కోసి విద్యార్థులకు చూపించడం నా ఉద్యోగం. మా నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం నేను పెరటి వాకిలి గుండా వచ్చి, బావి దగ్గర స్నానం చేసి, తడిబట్టతోనే లోపలికి రావాలి. కప్పల వాసన పోయిందో లేదో అమ్మ గుమ్మం దగ్గర నిలబడి పరీక్ష చేసేది. ఆ కప్పల నుంచి తప్పించుకోవడానికే నేను పక్షుల్లో పడ్డానని నాకిప్పుడు అనిపిస్తుంది. పక్షుల మీద ప్రేమ అని అప్పట్లో అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఒక మాఘమాసంలో సూళ్లూరుపేట దగ్గర ఉప్పునీటి సరస్సు గట్టున పక్షులకు కడియాలు వేసే శిబిరం పెట్టారు. బొంబాయి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి పదిహేను రోజులు పని నేర్పాడు. తెల్లవారకముందే బురదలో వలలు కట్టేవాళ్లం. బురదలో పురుగులేరుకు తినే ఉల్లంకి పిట్టలు వచ్చి పడేవి. ఒక్కోదాన్ని వల నుంచి విడిపించి, అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, పుల్లంత కాలికి మోకాలి కింద అల్యూమినియం కడియం తొడిగి పటకారుతో నొక్కాలి. దాని మీద ఒక నంబరు, బొంబాయి చిరునామా ఉంటాయి. ఆ పిట్ట ఏ దేశంలో ఎవరికి దొరికినా ఆ నంబరు చూసి జాబు రాస్తారు. నా వేళ్ల కింద దాని గుండె కొట్టుకోవడం తెలిసేది. వదిలేస్తే నీళ్ల మీదుగా వెళ్లిపోయేది. జీవితంలో మొదటిసారి నా చేతులు ఒక పనికొచ్చాయని అనుకున్నాను.

పదిహేను రోజులకే నేను పండితుణ్ణయిపోయాను. వెళ్లేటప్పుడు ఆయన నాకు పెద్ద కడియాలు కొన్ని, ఒక పటకారు, ఒక రిజిస్టరు, రెండు వైపులా అచ్చువేసిన సూచనల కాగితం ఇచ్చాడు. మీ జిల్లాలో కొంగలు గూళ్లు కట్టే ఊళ్లుంటే చూడమన్నాడు. నేను కాగితం మొదటి పేజీ బస్సులో చదివాను. మిగతాది నాకు వచ్చినదేలే అనుకుని మడిచి రిజిస్టర్లో పెట్టాను.

ఆ ఊరు మా కాలేజీ అటెండరు ద్వారా తెలిసింది. చెరువు కింద యాభై అరవై ఇళ్లుంటాయి. వీధుల్లో, దొడ్లలో చింతచెట్లు. ప్రతి ఏడూ చలి తగ్గే రోజుల్లో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఆ చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండాకాలం దాటాక వెళ్లిపోయేవి. ఊరివాళ్లు వాటిని పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలంటారు. మాటవరసకు అనడం కాదు. కొంగలున్నన్నాళ్లు ఆ వీధుల్లో పలక డప్పులు కొట్టరు. పెళ్లి మేళం ఊరి బయటే ఆగిపోతుంది. గూడున్న చెట్టు మీద ఎవరూ చింతకాయ కోయరు. కాయ పండి, ఎండి, దానంతటది రాలిపోవాల్సిందే. ఆ ఏడుకు ఆ ఇంటివాళ్లు చింతపండు పక్కింట్లో అడుక్కుంటారు. అడుక్కోవడం అక్కడ గొప్ప కూడా. గూడు లేని ఇంటివాళ్లే తలవంచుకుని ఉంటారు.

అన్నిటికంటే పెద్ద చెట్టు ఒక అవ్వది. పెళ్లై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ చెట్టు కిందే బతికానని చెప్పింది. భర్త లేడు, మరిది కుటుంబం పక్క ఇంట్లో ఉండేది. పొట్టి మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక చీపురు. కొంగల రెట్టలు, తెచ్చి పడేసిన చేపలు ఊడ్చడమే ఆ నెలల్లో ఆమె పని. విసుక్కుంటూ ఊడ్చేది. ఎవరైనా జాలిపడితే మాత్రం కోపం వచ్చేది. "పురుటింట్లో చాకిరీ ఉండదా?" అనేది.

కడియాలు వేస్తానంటే ఊరి పెద్దలు ఒప్పుకోలేదు. పిల్లల్ని ముట్టుకుంటే తల్లులు మళ్లీ రావన్నారు. నేను సరంజామా సర్దుకుంటుంటే అవ్వ నా పక్కనే కూర్చుని ఒక కడియం చేతిలోకి తీసుకుంది.

"ఇదేస్తే ఏం తెలుస్తాది సామీ?"

"దీని మీద నంబరుంది అవ్వా. ఆ బిడ్డ మళ్లీ వచ్చిందంటే ఎవరో తెలుస్తాది."

"ఈ చెట్టు మీద పుట్టిందేనని తెలుస్తాదా?"

"ఏ గూట్లో పుట్టిందో కూడా పుస్తకం చూసి చెప్తాను."

ఆమె చెట్టు మీదికి చూస్తూ చెప్పింది. "ఇన్నేండ్లుగా సూస్తాండా. పోయేటివి పోతాయి, వచ్చేటివి వస్తాయి. నేను ఊడ్సిన గూట్లో బిడ్డే మళ్లా వచ్చిందా, యాడిదో కొత్తది వచ్చిందా తెలీదు. సచ్చేలోపల అదొకటి తెలుసుకోవాలని ఉండాది సామీ."

ఆ సాయంత్రమే ఆమె పెద్దల ఇళ్లకు వెళ్లి మాట్లాడింది. పసిబిడ్డకు కడియం వేయడం మన ఆచారమే కదా అంది. వేయించుకునేది నా చెట్టు, ఏమైనా అయితే నాది పూచీ అంది. మర్నాడు పెద్దలు సరేనన్నారు. నన్ను చూసి కాదు, ఆమె మాట మీద.

ఉగాది పోయిన వారం పని మొదలుపెట్టాం. అవ్వ మరిది వెదురు నిచ్చెన మీద పైకెక్కి, పిల్లల్ని ఒక్కొక్కటిగా గంపలో పెట్టి తాడుతో కిందికి దించేవాడు. ఎర్రకాళ్ల కొంగ పిల్లకు ఒక మాయ తెలుసు. పట్టుకోగానే మెడ వాల్చి, కళ్లు మూసి, చచ్చినట్టు పడుకుంటుంది. మొదటిది అలా చేస్తే చచ్చిపోయిందనుకుని గంపలో పెట్టేశాను. అవ్వ నవ్వింది. "దొంగది. బడికి పొమ్మంటే ఇట్లనే పండుకుంటారు గదా బిడ్డలు." రెండోది నా పంచె మీద చేపలు కక్కింది. ఆ పంచెను అమ్మ ఇంట్లోకి రానివ్వలేదు.

కడియం ఏ కాలికి వేయాలో అవ్వే నిర్ణయించింది. "కుడికాలికే ఎయ్యి సామీ. ఇంటికొచ్చే ఆడబిడ్డ కుడికాలు ముందు పెట్టల్ల." నాకు ఏదైనా ఒకటే కనుక పంతొమ్మిది పిల్లలకూ కుడికాలికే వేశాను. వేసే చోటు మాత్రం నేను నిర్ణయించాను. ఉల్లంకి పిట్టకు వేసినట్టే, మోకాలి కింద. చేయి అక్కడికి అలవాటు పడింది. పైగా కింద వేస్తే నేలమీద నుంచి దుర్భిణీలో చక్కగా కనిపిస్తుంది, పైన అయితే ఈకలు అడ్డం వస్తాయి.

నాలుగో పిల్ల దగ్గరో ఐదో పిల్ల దగ్గరో అవ్వ ఊడ్చడం ఆపి వచ్చి చూసింది.

"కిందేస్తాండావే సామీ. పైన ఎయ్యరాదా?"

"ఎందుకవ్వా?"

"ఎండ పొడిస్తే ఇవి కాళ్ల మీదనే రెట్ట ఏసుకుంటాయి. సల్లగుంటాదని. సున్నం పూసినట్ట తెల్లంగా గట్టిపడతాది. నీ కడియం సందులో దూరితే యాడికి పోతాది అది?"

"అదంతా మాకు తెలుసులే అవ్వా," అన్నాను.

ఆ 'మాకు'లో ఎవరెవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. కొంగ కాళ్ల మీద రెట్ట వేసుకోవడం నేను కూడా దుర్భిణీలో చూశాను, శుభ్రం తెలియని పక్షి అనుకున్నాను. ఎందుకు వేసుకుంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అవ్వ మళ్లీ ఊడ్చుకోవడానికి వెళ్లిపోయింది. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని నమ్మింది. ఆమె పోట్లాడి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. తప్పు నాదైతే ఆమె ఎందుకు పోట్లాడాలి అని మళ్లీ నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఎండలు ముదిరాయి. చెరువు సగానికి తగ్గి గట్టు దగ్గర బురద పగుళ్లు తేలింది. పిల్లలు గూళ్ల అంచుల మీద నిలబడి రెక్కలు విప్పి ఆడిస్తున్నాయి. కొన్ని ఒంటికాలి మీద నిలబడ్డాయి. కొంగ అన్నాక ఒంటికాలి మీద నిలబడుతుంది, రిజిస్టర్లో 'విశ్రాంతి' అని రాసుకున్నాను. అవ్వ చీపురు పట్టుకుని నా పక్కన నిలబడింది.

"అది కునుకు తీసే ఒంటికాలు కాదు సామీ. బాగా సూడు. కాలు కింద పెట్టలేక ఎత్తి పట్టుకోనుండాది."

చూశాను. నిలబడినవన్నీ ఎడమకాలి మీదే నిలబడ్డాయి.

మర్నాడు ఒక పిల్ల చెట్టు మీద నుంచి పడింది. అవ్వ ఒళ్లో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. ఈసారి అది చచ్చినట్టు నటించలేదు, కళ్లు తెరిచే ఉంది. కడియం కనబడడం లేదు. దాని చుట్టూ, దాని లోపల రెట్ట పేరుకుని రాయిలా బిగుసుకుంది. కాలు దానికి పైనా కిందా ఉబ్బిపోయింది. నేను పటకారుతో ఆ గట్టిపడినదాన్ని కొంచెం కొంచెంగా చిదిపి, కడియం విప్పి తీశాను. కింద చర్మం లేదు. పురుగులు ఉన్నాయి. అవ్వ పసుపు, వేపాకు నూరి కట్టింది. దానికి చేపముక్కలు తినిపించింది, చిన్న చెంబుతో నీళ్లు పోసింది. మూడో రోజు అది చచ్చిపోయింది. అవ్వ చెట్టు మొదట్లో గుంట తీసి, దాన్ని పాతగుడ్డలో చుట్టి, తలను దక్షిణానికి పెట్టి మట్టి కప్పింది. పసిబిడ్డలకు చేసినట్టే చేసింది. నేను పక్కన నిలబడి గుంట తవ్విన పారను పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసింది.

మిగిలిన వాటి కడియాలు తీసేయాలని మరిదీ నేనూ రెండు రోజులు తిప్పలు పడ్డాం. ఏడింటికి తీయగలిగాం. మిగతావి మనిషి అలికిడి వినగానే గూళ్లలో నుంచి దూకి కొమ్మల మీదికి ఎగిరిపోతున్నాయి. రెక్కలు ఇంకా గట్టిపడని పిల్ల ఒకటి పక్క ఇంటి పెంకుల మీద పడింది. అప్పుడు ఊరి పెద్దాయన వచ్చి నిచ్చెన దించమన్నాడు. కేకలు వేయలేదు. "సాలు సామీ. ఇంక మీరు ముట్టుకోవద్దు," అన్నాడు. తర్వాత అవ్వ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని ఊడుస్తోంది. పదకొండు పిల్లలు నా కడియాలతో వెళ్లిపోయాయి.

తిరుపతి బస్సులో కూర్చుని రిజిస్టరు తెరిచాను. మడిచి పెట్టిన సూచనల కాగితం ఒళ్లో పడింది. వెనక వైపు చివరి నుంచి నాలుగో వాక్యం. కొంగజాతి పక్షులకు కడియం మోకాలి పైనే వేయాలి, కింద వేస్తే రెట్ట పేరుకుని కాలు దెబ్బతింటుంది. నాగలాపురం దాటేవరకు ఆ ఒక్క వాక్యం మీదే నా చూపు ఉంది. అవ్వ చీపురు పట్టుకుని చెప్పిందే అక్కడ అచ్చులో ఉంది.

బొంబాయికి పంపాల్సిన పట్టికలో చనిపోయిన పిల్లకు కారణం రాయాలి. 'ఎండదెబ్బ' అని రాశాను. తీసేసిన ఏడు కడియాలకు 'వదులైనందున' అని రాశాను. అక్షరాలు చక్కగానే వచ్చాయి.

మరుసటి ఏడు నేను ఆ ఊరికి పోలేదు. మాఘం వెళ్లింది, ఫాల్గుణం వెళ్లింది. పరీక్షలున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఒకరోజు అటెండరు ఒక మూట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. గుడ్డలో కట్టిన కొత్త చింతపండు, గింజ తీసి, ఉప్పు కలిపి ముద్ద చేసింది.

"సత్యవేడు బస్సులో పంపించింది సార్ ఆ ముసిలామె. సామికి ఇమ్మనింది," అన్నాడు.

ఏ చెట్టుదని అడగాల్సిన పని లేదు. గూడున్న చెట్టు కాయ వాళ్లు కోయరు. అంటే ఆ ఏడు ఆమె చెట్టు మీద ఒక్క గూడూ లేదు. కొంగలు వీధికి అవతలి చెట్లకు వెళ్లిపోయాయి. బహుశా మేం నిచ్చెనలు వేసి కలత పెట్టినందుకే. ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె ఆ చెట్టు కాయ కోయించడం అదే మొదటిసారని, ఊళ్లో ఆడవాళ్లు నీళ్ల దగ్గర ఆమెను దెప్పుతున్నారని అటెండరు చెప్పాడు. ఎత్తిపొడుపుగా పంపిందా అని మొదట అనుకున్నాను. ఆమెకు అలాంటివి చేతకావు. ఇన్నేళ్లకు పండు చేతికొచ్చింది, తెలిసినవాళ్లకు ఇంత పంపాలి, అంతే.

అమ్మ ఆ పండు వాసన చూసి మురిసిపోయింది. "ఎంత బాగుందిరా," అని శనివారం పులిహోర కలిపింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగుడు పడలేదు. కడుపులో మంటగా ఉందని లేచిపోయాను.

తర్వాత రెండేళ్లు కూడా నేను పోలేదు. పక్షుల పని మానేశాను. కప్పల దగ్గరికి తిరిగి వచ్చాను, అవి ఏమీ అడగవు కనుక. దుర్భిణీ డిపార్టుమెంటుకు అప్పగించాను. బొంబాయి నుంచి ఆ పదకొండు నంబర్లలో ఒక్కదాని గురించైనా జాబు రాలేదు. పోస్ట్‌మ్యాన్ వచ్చిన ప్రతిసారీ నాకు భయం వేసేది. ఏం రాయాలని ఎదురుచూశానో నాకే తెలియదు.

కడియాలు వేసిన నాలుగేళ్లకు, ఫాల్గుణంలో అవ్వ దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఊళ్లో బడి పంతులు చేత రాయించింది. 'మన చెట్టు మీద గూడు కట్టినారు. అందులో ఒక బిడ్డను మీరు వచ్చి చూసి పోవలసినది.' రిజిస్టరు తీసుకుని వెళ్లాను.

అవ్వ బాగా వంగిపోయింది. చీపురు మాత్రం ఉంది. నన్ను చూడగానే కుశలం కూడా అడగకుండా చెట్టు కిందికి తీసుకెళ్లి, పడమటి కొమ్మ చివర గూడు చూపించింది. ఒక కొంగ లేచి నిలబడింది. ఎడమకాలు నిండుగా ఉంది. కుడికాలు మోకాలి కింద కొంత దూరం వచ్చి ఆగిపోయింది. పాదం లేదు, కడియమూ లేదు. మొండి కాలిని కొమ్మకు ఆనించుకుని, తూలి, మళ్లీ నిలదొక్కుకుంది. దాని జత పుల్ల తెచ్చిస్తే ముక్కుతో అందుకుని గూట్లో దోపుకుంది. నేను అలా చూస్తుండగానే అది అటు తిరిగి కూర్చుంది.

"మన బిడ్డే గదా సామీ," అంది అవ్వ.

"మన బిడ్డే అవ్వా."

ఆమె మొహంలో వచ్చిన సంతోషం నేను చూడలేకపోయాను. నాలుగేళ్లుగా ఊళ్లో పడ్డ మాటలకు ఆమెకు జవాబు దొరికింది. పోయిన బిడ్డే మళ్లీ వస్తుందని ఆమెకు తెలిసింది. తెలియాల్సింది ఇంకొకటే మిగిలింది. నా సంచీ వైపు చూసింది.

"పుస్తకం తెచ్చినావా? సూసి సెప్పు మల్ల. ఏ గూట్లో పుట్టింది ఇది?"

రిజిస్టరు తెరిచాను. పంతొమ్మిది వరుసలు. గూడు, కొమ్మ, తేదీ, నంబరు, అన్నీ నా అందమైన అక్షరాల్లో ఉన్నాయి. ఒక్కో వరుసలో 'కుడికాలు' అని పంతొమ్మిదిసార్లు రాసి ఉంది. చనిపోయినదాన్ని, కడియాలు తీసినవాటిని కొట్టేస్తే పదకొండు మిగిలాయి. పదకొండులో ఏదైనా కావచ్చు. నంబరు ఏ చెరువు బురదలోనో పాదంతో పాటు పడిపోయింది. ఆమె నా వేలు ఏ వరుస మీద ఆగుతుందా అని చూస్తోంది, చదువు రాకపోయినా.

"తెలీదవ్వా," అన్నాను.

ఆమె ఇంకా కొంచెంసేపు పుస్తకం వైపే చూసింది. నేను పేజీ తిప్పాను, ఏదో వెతుకుతున్నట్టు. మడిచిన సూచనల కాగితం అక్కడే ఉంది. దాన్ని బయటికి తీసి, వెనక వైపు ఏముందో ఆమెకు చదివి వినిపించాలని ఆ రోజు బస్సెక్కినప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను. నువ్వు చెప్పిందే రైటు అవ్వా, అది మాకూ రాసిచ్చారు, నేను చదవలేదు అని. నోరు తెరిచాను.

"పోనీలే సామీ," అంది ఆమె, నా భుజం తడుతూ. "నీకు తెలిసుంటే నాకు సెప్పకుండా ఉంటావా?"

రిజిస్టరు మూసి సంచీలో పెట్టుకున్నాను. ఆమె చీపురు తీసుకుని ఆ గూటి కింద ఊడ్చడం మొదలుపెట్టింది.